ఒక సీసా

2011 అక్టోబర్ 11, మంగళవారం. ఉదయం 6:10కి పాలకుర్తి–జనగామ రోడ్డు మీద ఆటో డ్రైవర్ దస్రు శవం కనిపించింది. తల వెనక భాగం పగిలింది. ఎడమ చేతి వేళ్ళు మూడు విరిగాయి. పక్కన అతని ఆటో ఉంది, ముందు అద్దం లేదు. కొంచెం అవతల, నిన్నటి రాస్తారోకోలో కాల్చిన టైర్ల బూడిద.

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు. భూపాలపల్లిలో బొగ్గు గనులు ఆగిపోయి కరెంటు పూటకొకసారి వస్తోంది. సమ్మెలో ఆటో తిప్పినందుకు సమ్మె కమిటీ వాళ్ళే దస్రును చంపారని సీఐ పానకాలరావు శవాన్ని చూసిన అరగంటలో తేల్చాడు. దస్రు తండాకే చెందిన కమిటీ నాయకుడు రాంజీని ఇంట్లోంచి ఈడ్చుకెళ్ళి జీపులో వేశారు. రాంజీ తల్లి మోతీబాయి హనుమకొండకు ఫోన్ చేసింది.

ఆమె ఫోన్ చేసింది అకీల్‌కి. హనుమకొండలో ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు పన్నెండేళ్ళు పోలీసు క్లూస్ టీములో పనిచేశాడు. 9:50కి జనగామ మార్చురీ ముందు బండి ఆపాడు.

లోపల డ్యూటీ డాక్టర్ ఫిజా చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటోంది. సీఐ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బరువంతా కుడి కాలి మీద వేశాడు. ఎడమ కాలి పిక్కకు కట్టు ఉంది.

"ఎవరు రానిచ్చారయ్యా ఇతన్ని?"

"తండావాళ్ళు పిలిచిన్రు సార్. కాలుకేమైంది?"

"రైలు రోకో నాడు స్టేషన్ ఘన్‌పూర్లో బందోబస్తుకెళ్తే కుక్క పీకింది. ఇక్కడ కుక్కలక్కూడా గుంటూరోడంటే పడదు." సీఐ తన మాటకు తనే నవ్వాడు. "మావాళ్ళు దాన్ని కర్రలతో కొట్టి చంపేశారు. డాక్టరు క్వార్టర్‌కొచ్చి సూదులు పొడిచి వెళ్ళాడు. నా కేసు క్లోజు. ఇదీ క్లోజే. చూసి పో."

అకీల్ శవం చొక్కా పట్టుకుని చూశాడు. కాలర్ నుంచి నడుము దాకా తడి. జుట్టు కూడా తడిసి అట్టకట్టింది. ప్యాంటు మోకాళ్ళ కింద పొడిగా ఉంది.

"రాత్రి వాన పడ్డదా డాక్టర్?"

"వారం నుంచి చుక్క లేదు."

"ఆటో సీటు?"

"పొడిగానే ఉంది," అన్నాడు తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ చత్రు. సీఐ అతని వైపు చూశాడు. చత్రు నోరు మూసుకున్నాడు.

దస్రు దవడ బిగుసుకుపోయి ఉంది. ఫిజా పరికరంతో తెరిచింది. ముందు పళ్ళ మధ్య చర్మం ముక్క ఇరుక్కుని ఉంది. దాన్ని పట్టకారుతో తీసి వెలుతురులో పెట్టింది.

"దెబ్బలకి నాలుక కొరుక్కున్నాడు," అన్నాడు సీఐ.

"నాలుక ఎక్కడా తెగలేదు," అంది ఫిజా.

"నాలుక మీద వెంట్రుకలు మొలవయి సార్," అన్నాడు అకీల్.

ఫిజా ఆ ముక్కను సీసాలో వేసి మూత పెట్టింది. తర్వాత దస్రు ఎడమ చెంప మీద వేలు ఆనించింది. కంటి కింద నుంచి పెదవి దాకా మానిన గాటు. "ఇది నిన్నటిది కాదు. కుక్క కాటు. నాకు మెదడు శాంపిల్ కావాలి."

"తల పగిలి చచ్చినవాడికి మెదడు పరీక్ష దేనికమ్మా? పన్నెండు లోపు శవం అప్పగించాలి. ఊళ్ళో గొడవలవుతాయి. తలకు దెబ్బలని రాసి సంతకం పెట్టండి."

"సంతకం నాది. రాసేది కూడా నాదే."

సీఐ కుంటుతూ బయటికి వెళ్ళాడు. ఫిజా గొంతు తగ్గించింది.

"శాంపిల్ పంపుతాను. ఫలితం హైదరాబాద్ నుంచి రావాలి, రేపటి నుంచి మళ్ళీ రైలు రోకో. అన్నాళ్ళు ఆగలేం. ఆ కుక్క ఇంకెవరిని కరిచిందో కనుక్కోండి. వాళ్ళకి వేసిన సూదుల్లో ఏముందో కనుక్కోండి. మందు మంచిదైతే ఇప్పుడు రేబిస్ సీరం ఇవ్వకూడదు. మందు పాడైతే ఇవాళే ఇవ్వాలి. సీరం వరంగల్‌లో ఉంది. జబ్బు బయటపడకముందైతే మనిషి బతుకుతాడు. బయటపడ్డాక ఎవరూ చేయగలిగింది లేదు."

దస్రు భార్య సారక్క మార్చురీ గోడ నీడలో కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో కూతురు సుమన, ఎనిమిదేళ్ళ పిల్ల. కుడి మణికట్టు మీద నాలుగు మచ్చలు. అకీల్ వాటర్ ప్యాకెట్ కొనుక్కొచ్చి పిల్ల చేతికిచ్చాడు. పిల్ల మూల కొరికి నోట్లో పెట్టుకుంది. అకీల్ పిల్ల గొంతు చూస్తూ నిలబడ్డాడు. ప్యాకెట్ ఖాళీ అయింది. అప్పుడు కింద కూర్చున్నాడు.

"కుక్క సంగతి చెప్పక్క."

"బస్సులు బందైన తెల్లారి అన్న. ఎర్రికుక్క తండ మీద పడ్డది. ముందుగాల పిల్లను పట్టింది. ఇడిపియ్యవోతే ఆయన మొకం మీద దుంకింది. మోతీబాయి పిక్క పీకింది. రాంజీ కట్టె తీస్కొని ఉరికితె ముంజేయి పట్టింది. ఆఖరికి రాంజీయే సంపిండు."

"అప్పుడేం చేసిన్రు?"

"కారం పెట్టినం. మాకు గదే ఎరుక. దవాఖానకు పోదమంటె బస్సుల్లేవు, ఆటో తీస్తె రాళ్ళేస్తున్రు. పాలకుర్తి శివార్ల బలరాం డాక్టర్ దగ్గర్కి నడిచి పోయినం. రెండు జబ్బలకు రెండు సూదులు. నలుగురికి ఒక్కటే సీసా. గట్లనే ఎయ్యాలె అన్నడు."

"నిజమే, గట్లనే ఏస్తరు. మళ్ళ ఎన్నిసార్లు పోయిన్రు?"

"ఇంకో రెండుసార్లు. మొదలు పోయిన్నాడు సీసా మా ముంగట్నే ఇప్పిండు. తర్వాత టిఫిన్ డబ్బలకెల్లి తీసిండు."

"ఫ్రిజ్జులకెల్లి కాదా?"

"కరెంటేది అన్న? టిఫిన్ డబ్బ. నీళ్ళు కారుతుండె దానికి. నా చీర మీద సుత పడ్డయి."

"నిన్న ఏమైంది?"

"ఆయితారం సంది ఆయన నీళ్ళు తాగలె. చెంబు నోటికాడికి తెస్తె గొంతు పట్టుకునెటోడు. గాలి తాకినా వణికెటోడు. నిన్న పొద్దుగూకంగ ఆటో తీసిండు. 'బలరాంను అడిగొస్త, మాకేసిన సూదులేంది' అన్నడు. నేనొస్త అన్న. 'వద్దు, పిల్లను పట్టుకొని తలుపేసుకో. నా మీద నాకే నమ్మకం లేదు' అన్నడు."

"గీ ముచ్చట సీఐకి చెప్పలేదా?"

"చెప్పిన. 'మీ లంబాడ భాష నాకు అర్థం కాదు' అన్నడు." సారక్క ముక్కు తుడుచుకుంది. "నేను తెలుగులనే చెప్పిన."

తర్వాత ఆమె అకీల్ చేయి పట్టుకుంది. "అన్న, పిల్లకు సుత గదే సీసా. గిప్పుడు దీనికేమైతది?"

అకీల్ లేచి బండి తీశాడు. స్టేషన్‌కు వెళ్ళాడు. లాకప్‌లోంచి బెల్టు చప్పుడు వినిపిస్తోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య రాంజీ గొంతు. సీఐ బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు.

"సార్, పిల్లను, మోతీబాయిని వరంగల్ పంపాలె. హాస్పిటల్ అంబులెన్స్ మహబూబాబాద్ కేసు మీద పోయిందట. రోడ్డు మీద పోలీసు జీపుకు, మోటర్ సైకిళ్ళకు తప్ప దేనికీ దారి ఇస్తలేరు. లోపల దెబ్బలు తింటున్న రాంజీని సుత గదే కుక్క కరిచింది."

"జీపు అంబులెన్సు కాదు."

"గంటల లెక్క సార్."

"మూడు వారాలు ఆగినోళ్ళు ఇంకో రోజు ఆగలేరా? నువ్వు ఉద్యోగం మానేసినోడివి. నాకు డ్యూటీ నేర్పకు." సీఐ లాకప్ వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏరా, ఆపేశారేంటి?"

బెల్టు చప్పుడు మళ్ళీ మొదలైంది.

11:50కి అకీల్ బలరాం ఇంటి ముందు దిగాడు. బలరాం ఆర్‌ఎంపీ. ముందు గది దవాఖాన, వెనక ఇల్లు. వాకిట్లో అలుకు చల్లలేదు. రెండు రోజుల ఆకులు అలాగే ఉన్నాయి. బలరాం నలభై దాటిన మనిషి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, రెండు మణికట్ల దగ్గరా బొత్తాలు పెట్టుకున్నాడు. బల్ల మీద సర్దిన సంచి ఉంది.

"ఊరికి పోతున్నవా?"

"వరంగల్ దాక. పనుంది. మీరెవలన్న?"

"దస్రు తరఫోణ్ని. నిన్న పొద్దుగూకంగ నీ దగ్గర్కి వచ్చిండట."

"రాలే అన్న. దస్రు మంచోడు. గా సమ్మెగాళ్ళు పొట్టన పెట్టుకున్నరు."

"ఇంట్ల ఆడోళ్ళు లేరా?"

"నా భార్య దంతాలపల్లి పోయింది, తల్లిగారింటికి. వారమైతున్నది."

అకీల్ గది దాటి పెరట్లోకి నడిచాడు. బలరాం ఒక నిమిషం ఆగి వెనక వచ్చాడు. పెరట్లో బావి, గిరక, తాడు, బకెట్. బావి గట్టుకు ఒక పక్క నేల పేడతో అలికి ఉంది. ఇంకా ఆరలేదు. అలికిన చోటు మంచమంత ఉంటుంది.

"గిదెవలు అలికిన్రు?"

"నేనే."

"వాకిలి ఇడిసిపెట్టి బాయి ఎనక అలికినవా బలరాం?"

గిరక దూలానికి రెండో తాడు కట్టి ఉంది, సన్నది. అకీల్ దాన్ని పైకి లాగాడు. స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది. మూత తీశాడు. లోపల రెండు సిరంజీలు, రబ్బరు మూతకు చాలా చిల్లులు పడిన మందు సీసా, సగం ఖాళీ అయిన సెలైన్ బుడ్డి. సీసాలో అడుగున ఇంకా మందు ఉంది.

వెనక చప్పుడైంది. అకీల్ పక్కకు వంగాడు. గడ్డపార అతని తలకు తగలాల్సింది ఎడమ భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అకీల్ గట్టు మీద బోర్లా పడ్డాడు. బలరాం గడ్డపారను అడ్డంగా పట్టి అతని మెడ మీద పెట్టి నొక్కాడు. అకీల్ తల బావిలోకి వేలాడింది. కింద నీళ్ళలో తన ముఖం, దాని మీద బలరాం ముఖం కనిపించాయి. అకీల్ కుడి చేత్తో బలరాం కుడి ముంజేయి దొరకబుచ్చుకుని బొటనవేలు గుచ్చాడు. బలరాం అరిచి వదిలేశాడు. అకీల్ బకెట్ తీసి అతని మొహం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రెండో దెబ్బకు ముక్కు చితికి బలరాం నేల మీద పడ్డాడు.

అకీల్ అతని చొక్కా చేయి చించాడు. కట్టు విప్పాడు. ముంజేతి మీద రెండు వంకర గాట్లు, ఎదురెదురుగా. మధ్యలో చర్మం లేదు.

"గిదేంది?"

"కుక్క."

"కుక్క కోరలు గుచ్చుకుంటయి, చీరుతయి. గిది మనిషి పళ్ళ వరుస. మధ్యల ముక్క జనగామల సీసాల ఉన్నది."

అకీల్ బావి తాడుతో అతన్ని గిరక స్తంభానికి కట్టాడు. ఒంటి చేత్తో, పళ్ళతో ముడి బిగించాడు. వేలాడుతున్న ఎడమ చేతిని చొక్కాలో దోపుకున్నాడు. బలరాం బండి తాళంచెవి అతని జేబులోంచి తీసి గట్టు మీద పెట్టాడు.

"సీరం కోసమే వరంగల్ బయల్దేరినవ్. దస్రుకు జబ్బు ఉన్నదని నీకు తెల్సు. నాకు కావల్సింది గది కాదు. సీసా సంగతి చెప్పు. అంతదాక తాళంచెవి గీడనే ఉంటది."

బలరాం నెత్తురు ఉమ్మాడు. "ఒక్కటే సీసా ఉండె అన్న. బస్సులు బందు కాకముందు తెచ్చిన. మొదటి దినం నలుగురికి మంచిదే ఏసిన. ఇంకొకరికి సరిపోను మిగిలింది. ఇప్పిన మందు అదే దినం పారెయ్యాలె. ఎరుకే. కని ఐదో మనిషికి పనికొచ్చేదాన్ని ఎట్ల పారబోస్త? ఫ్రిజ్ నడుస్తలేదు. మేం పాలు పలగకుంట బాయిల దించుతం. గట్లనే దించిన."

"తర్వాత రెండుసార్లు ఏం ఏసినవ్?"

"గా మిగిలిందే. సెలైన్ కలిపిన. బస్సులు నడిస్తె కొత్తది తెచ్చి మళ్ళ ఏస్త అనుకున్న. మందు లేదంటె తండ మొత్తం నన్ను ఇడిసిపెడ్తది."

"నిన్న?"

"ఆరున్నరకు వచ్చిండు. 'నా బిడ్డకు సుత గిదే ఏసినవా' అని అడిగిండు. గదే మాట, మళ్ళ మళ్ళ. మెడ పట్టిండు. బకెట్ నీళ్ళు మీద పోసిన."

"నీళ్ళెందుకు?"

బలరాం తల దించుకున్నాడు.

"నీళ్ళెందుకు పోసినవ్?"

"భయపడ్తడని. కింద పడి గిలగిల కొట్టుకున్నడు. పట్టుకోవోతే చెయ్యి కొరికిండు. ఇడువలే. గడ్డపార చేతికందింది."

"ఎన్ని దెబ్బలు?"

"ఇడిసేదాక."

"వేళ్ళు?"

"గట్టు పట్టుకొని లేవబోయిండు. రాత్రి ఆటోల అడుగున ఏసుకొని పోయి, సమ్మెగాళ్ళు చేసినట్లు కనపడాలని అద్దం పలగ్గొట్టి టైర్ల బూడిద కాడ ఇడిసిన."

ఇంటి ముందు జీపు ఆగింది. సీఐ పెరట్లోకి వచ్చాడు, వెనక చత్రు. అతన్ని బలరామే ఫోన్ చేసి రమ్మన్నాడు. అకీల్ గది దాటి పెరట్లోకి నడిచినప్పుడే ఆ ఫోన్ వెళ్ళింది.

"కట్లు విప్పు," అన్నాడు సీఐ.

"వీడే దస్రును చంపిండు సార్. గాయం చూడున్రి. అలికిన నేల తవ్వితె నెత్తురు దొరుకుతది."

సీఐ అకీల్ చెంప మీద కొట్టాడు. అకీల్ విరిగిన భుజం స్తంభానికి తగిలింది. సీఐ అతని మెడ పట్టుకున్నాడు. "ఒక మనిషిని కట్టేసి, ముక్కు పగలగొట్టి, ఒప్పించి, నాకు కథ చెప్తావా? హంతకుడు నా లాకప్‌లో ఉన్నాడు. ఇతను నాకు తెలిసిన డాక్టరు."

"మీకు తెల్సిన డాక్టరా?" అకీల్ సీఐ కాలి కట్టు వైపు చూశాడు. తర్వాత బలరాం వైపు తిరిగాడు. "ఐదో మనిషి ఎవలు?"

బలరాం మాట్లాడలేదు.

"తాళంచెవి బాయిల పడేస్త. ఐదోది ఎవలకు ఏసినవ్?"

"సీఐ సార్‌కు," అన్నాడు బలరాం.

సీఐ చేయి అకీల్ మెడ మీద నుంచి జారింది.

అకీల్ ఫోన్ తీసి ఫిజాకు కలిపాడు. స్పీకర్ పెట్టి మొత్తం చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు. చివర అడిగింది. "ఐదో ఆయనకి మొదటి సూది ఎప్పుడు?"

"రైలు రోకో నాడు," అన్నాడు బలరాం.

"అంటే సీసా విప్పి నాలుగు రోజులైన తర్వాత. తండా వాళ్ళకి ఒక్క సూదైనా మంచిది పడింది. ఆయనకి ఒక్కటీ పడలేదు. వాళ్ళందర్నీ వరంగల్ పంపండి. సీరం సిద్ధంగా పెట్టమని అక్కడికి నేను ఫోన్ చేస్తాను. ఆయన్ని కరిచిన కుక్క ఏమైంది?"

"దానికేం రోగం లేదమ్మా," అన్నాడు సీఐ. "మావాళ్ళు అదే రోజు కొట్టి చంపారు. తిరుగుతున్న కుక్కే. చత్రూ, నువ్వే కదా వెళ్ళింది? చెప్పు."

చత్రు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"చెప్పరా."

"కొట్టలేదు సార్."

"ఏంటి?"

"ఆ దినం దొరకలే సార్. మూడో దినం స్టేషన్ ఎనక గోడకాడ కనపడ్డది. మేం పొయ్యేసరికే సచ్చి ఉన్నది. దవడ వేలాడుతుండె. నురగ ఉండె. కొట్టి చంపినమని మీకు చెప్పినం. దొరకలేదంటె మీరు మమ్మల్ని కొట్టెటోళ్ళు."

ఫోన్‌లో ఫిజా అంది, "విన్నాను. ఇక ఆలస్యం చేయకండి."

జీపు 12:55కి బలరాం ఇంటి ముందు నుంచి బయల్దేరింది. దారిలో తండా దగ్గర మోతీబాయిని ఎక్కించుకున్నారు. 1:40కి జనగామ స్టేషన్‌లో లాకప్ తెరిచారు. రాంజీ నడవలేకపోయాడు, చత్రు మోసుకొచ్చాడు. మార్చురీ దగ్గర అకీల్ దిగాడు, సారక్క, సుమన ఎక్కారు. ముందు సీటులో బలరాం, చేతులకు బేడీలు. వెనక మిగిలిన చోట సీఐ కూర్చున్నాడు, రాంజీ పక్కన.

చత్రు స్టీరింగ్ దగ్గర ఉన్న నీళ్ళ బాటిల్ వెనక్కి అందించాడు. సీఐ మూత తీశాడు. జీపులో అందరూ అతని వైపు చూశారు. సుమన కూడా చూసింది. సీఐ బాటిల్ ఎత్తి తాగాడు. నీళ్ళు దిగాయి.

1:58కి జీపు జనగామ దాటింది.